తోట నిర్వహణకు బహుళ ప్రయోజన యంత్ర పరికరం: ఎంపికలో గమనించవలసిన అంశాలు

సారాంశం

ఒకే ఇంజను లేదా మోటారుకు గడ్డి కోసే తల, కంచె కత్తెర, పొడవు రంపం, నేల గుల్లచేసే పళ్లు వంటి అనుబంధాలను మార్చి మార్చి బిగించుకొనే పరికరాలు తోటల నిర్వహణలో విస్తృతంగా వాడుకలోకి వస్తున్నాయి. వీటిని అనుబంధాల సంఖ్యను బట్టి, ఇంజను పరిమాణాన్ని బట్టి కొనడం పరిపాటి. తోటలోని పని గంటలు, నేల స్వభావం, పనివారి శరీరం తట్టుకోగల కంపనం, శబ్దం అనే క్రమంలో ఎంపిక చేయడం మేలని ఈ వ్యాసం మైలార్‌దేవ్‌పల్లి, శంషాబాద్ పరిసరాలను దృష్టిలో ఉంచుకొని వివరిస్తుంది.

పరిచయం

శంషాబాద్‌లో 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. అప్పటి నుంచి మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ వరకు ఉన్న భూముల రూపురేఖలు మారిపోయాయి. పంట పొలాలున్న చోట నివాస సముదాయాలు, విద్యాసంస్థలు, ఫామ్‌హౌస్‌లు వెలిశాయి. వాటితో పాటే పచ్చిక బయళ్లు, కంచె మొక్కలు, అలంకరణ చెట్లు పెరిగాయి. కొడవలి, పార, కత్తెరలతో పని చేసే తోటమాలి చేతికి నేడు యంత్రం వచ్చింది. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఈ ప్రాంతం కూతవేటు దూరంలో ఉన్నందున, యంత్రం ఎంపికపై సలహా కోరేవారు విస్తరణ శాస్త్రవేత్తలకు తరచుగా ఎదురయ్యే అవకాశం ఉంది.

యంత్రాన్ని కొనేది యజమాని, భుజాన మోసేది తోటమాలి. ధర చెల్లించేవారికి, భారం భరించేవారికి మధ్య ఉన్న ఈ దూరమే ఎంపికలో జరిగే పొరపాట్లకు మూలం. సలహా ఇచ్చేవారు ఇద్దరి పక్షాన ఆలోచించవలసి ఉంటుంది.

పరికరం నిర్మాణం

ఇందులో మూడు భాగాలుంటాయి. మొదటిది శక్తినిచ్చే తల. ఇది టూ స్ట్రోక్ ఇంజను, ఫోర్ స్ట్రోక్ ఇంజను, బ్యాటరీ మోటారు అనే మూడు రకాలు. రెండవది లోపల తిరిగే కడ్డీ ఉన్న పొడవాటి గొట్టం. మూడవది చివర బిగించే అనుబంధం. స్టిల్ సంస్థ కాంబి వ్యవస్థ, హోండా వర్సటూల్ ఈ కోవలోనివే. తక్కువ ధరలో లభించే ఇతర రకాలు కూడా ఇదే సూత్రంపై పనిచేస్తాయి.

టూ స్ట్రోక్ ఇంజను తేలిక, ఏ కోణంలోనైనా పనిచేస్తుంది. అయితే ఇందులో పెట్రోలులో నూనె కలపాలి. సాధారణ కార్బురేటరు రకాలలో ఇంధనంలో కొంత భాగం మండకుండానే పొగతో బయటికి పోతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో నూనె విడిగా ఉంటుంది, పొగ తక్కువ, కాని బరువు కొంత ఎక్కువ. బ్యాటరీ మోటారులో పొగ ఉండదు, శబ్దం తక్కువ, కాని ఒక చార్జితో పని చేసే సమయం పరిమితం. చిన్న ఇంజనుల కాలుష్యాన్ని దృష్టిలో ఉంచుకొని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో చట్టం చేసి, 2024 నుంచి తోటపని యంత్రాలలో కొత్త పెట్రోలు ఇంజనులను దశలవారీగా తొలగించే మార్గం పట్టింది.

మొదటి మెట్టు: పని గంటల పట్టిక

దుకాణానికి వెళ్లే ముందు తోటలో తిరిగి, ఏడాదిలో ఏ పనికి ఎన్ని గంటలు పడుతుందో రాసుకోవాలి. ఉదాహరణకు ఒక ఎకరం అలంకరణ తోటను ఊహించుకుందాం.

గడ్డి, అంచుల కోత: 40 గంటలు
కంచె మొక్కల కత్తిరింపు: 18 గంటలు
ఎత్తైన కొమ్మల తొలగింపు: 6 గంటలు
పూల మళ్లలో నేల గుల్లచేయడం: 6 గంటలు
మొత్తం: 70 గంటలు

ఈ పట్టిక రెండు విషయాలు తెలుపుతుంది. ఒకటి, గడ్డి కోత, కంచె కత్తిరింపు కలిసి 58 గంటలు. కనుక ఈ రెండు అనుబంధాల నాణ్యతే ముఖ్యం. ఏడాదికి ఆరేసి గంటలు వాడే మిగతా రెండింటిని అద్దెకు తెచ్చుకోవడం, లేదా చేతి పనిముట్లతో ఆ పని కానిచ్చుకోవడం మేలా అని ఆలోచించవచ్చు. రెండు, గడ్డి కోత ఏడాది పొడవునా సమానంగా ఉండదు. ఈ ప్రాంతంలో వర్షపాతం అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలంలోనే కురుస్తుంది. అందుచేత కోత పని కూడా ఆ నెలల్లోనే పోగుపడుతుంది. సంవత్సర సగటును కాక, అత్యంత రద్దీగా ఉండే వారాన్ని బట్టి యంత్రాన్ని అంచనా వేయాలి.

పెద్ద పచ్చిక బయలును సమంగా కోయడానికి ఈ పరికరం తగదు. ఆ పనికి లాన్ మోవర్ ఉండవలసిందే. మోవర్ చేరలేని అంచులు, గోడ మొదళ్లు, వాలు ప్రదేశాలకే దీనిని వాడాలి.

నేల, కలుపు, చెట్టు

ఈ పరిసరాల్లో గులకరాళ్లతో కూడిన ఎర్ర చల్క నేలలు ఎక్కువ. ఆరితే గట్టిపడతాయి. పరికరానికి బిగించే చిన్న టిల్లరు పదునున్న, ముందే దున్నిన మళ్లలో పైపొరను మాత్రమే గుల్లచేయగలదు. బీడు నేలను దున్నడానికి దీనిని వాడితే పళ్లు ఎగిరిపడతాయి, గేర్లు అరుగుతాయి. రాళ్లున్న చోట లోహపు బ్లేడు కంటే నైలాన్ తాడు తల సురక్షితం. అయితే తాడు కూడా చిన్న రాళ్లను వేగంగా విసరగలదని మరువరాదు.

కలుపు రకాన్ని బట్టి కూడా అనుబంధం మారాలి. తుంగ ఉన్న మడిలో టిల్లరు తిప్పితే భూమిలోని దుంపల గొలుసులు తెగి, మడి అంతటా వ్యాపిస్తాయి. తొలగించబోయి సాగు చేసినట్లవుతుంది. వయ్యారిభామను నైలాన్ తాడుతో కొడితే దాని తునకలు, రసం, పుప్పొడి పనివారిపై చిమ్ముతాయి. చర్మంపై దద్దుర్లు, కొందరిలో ఆయాసం కలిగించే మొక్క అది. నేల తడిగా ఉన్నప్పుడు, పూతకు రాకముందే, చేతి తొడుగులు ధరించి వేళ్లతో సహా పీకివేయడమే సరైన పద్ధతి. ఇక్కడ యంత్రం పక్కన పెట్టడమే మంచి ఎంపిక.

తెలంగాణలో 2015లో హరితహారం ప్రారంభమైనప్పటి నుంచి రహదారుల వెంట, ఆవరణల్లో మొక్కల పెంపకం ముమ్మరమైంది. లేత చెట్టు మొదలుకు నైలాన్ తాడు పదేపదే తగిలితే బెరడు, దాని కింది కణజాలం తెగుతాయి. గాయం మొదలు చుట్టూ పూర్తిగా వ్యాపిస్తే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు అందక చెట్టు ఎండిపోతుంది. ప్రతి చెట్టు చుట్టూ ఒక అడుగు మేర చేతితో కలుపు తీసి, మల్చింగ్ చేయడం మంచిది.

శక్తి మూలం: ఒక లెక్క

బ్యాటరీ యంత్రానికి ఖర్చే ఉండదని, పెట్రోలు యంత్రమే చవక అని రెండు రకాల మాటలు వినిపిస్తాయి. లెక్క వేసి చూద్దాం. ఇందులోని ధరలు, వినియోగం కేవలం ఉదాహరణకు తీసుకున్నవి. పాఠకులు తమ స్థానిక ధరలతో మళ్లీ లెక్కించుకోవాలి.

టూ స్ట్రోక్ ఇంజను గంటకు 0.6 లీటరు పెట్రోలు తాగుతుందనుకుందాం. లీటరు 107 రూపాయల చొప్పున 64 రూపాయలు, కలిపే నూనెకు 6 రూపాయలు, వెరసి గంటకు 70 రూపాయలు.

36 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి 180 వాట్ అవర్లు. మోటారు సగటున 500 వాట్లు వాడితే ఒక చార్జి సుమారు 22 నిమిషాలు వస్తుంది. గంట పనికి కరెంటు ఖర్చు, చార్జింగులో నష్టంతో కలిపి, యూనిట్ 10 రూపాయల చొప్పున 6 రూపాయలే. కాని బ్యాటరీ ధర 15,000 రూపాయలు, ఆయుష్షు 500 చార్జీలు అయితే అది మొత్తం 180 గంటలు పనిచేస్తుంది. అంటే గంటకు 83 రూపాయల అరుగుదల. మొత్తం 89 రూపాయలు. ఆయుష్షు 1,000 చార్జీలైతే అరుగుదల 42 రూపాయలకు తగ్గి, మొత్తం 48 రూపాయలవుతుంది.

గంటకు 20 రూపాయల అటూ ఇటూ తేడా ఏడాదికి 70 గంటల పనిలో 1,400 రూపాయలు మాత్రమే. కనుక ఒక ఎకరం తోటలో ఇంధన ఖర్చు నిర్ణాయకం కాదు. నిర్ణాయకమైనది మరొకటి ఉంది.

పనివారి శరీరం

యంత్రం పిడి నుంచి చేతికి చేరే కంపనాన్ని మీటరు/సెకను² ప్రమాణంలో కొలుస్తారు. దీర్ఘకాలం అధిక కంపనానికి గురైతే వేళ్లకు రక్తప్రసరణ తగ్గి, తెల్లబడి, స్పర్శ మందగిస్తుంది. ఐరోపా సమాఖ్య 2002 నాటి ఆదేశం ప్రకారం 8 గంటల పనిదినానికి సరిచేసిన కంపనం 2.5 దాటితే నివారణ చర్యలు ప్రారంభించాలి. 5 దాటనివ్వరాదు. లెక్క కట్టే పద్ధతి సులభం: పని చేసిన గంటలను 8తో భాగించి, వర్గమూలం తీసి, యంత్రం కంపన విలువతో గుణించాలి.

పిడి వద్ద కంపనం 5 ఉన్న యంత్రంతో 2 గంటలు పనిచేస్తే ఫలితం 2.5. కంపనం 10 ఉంటే అరగంటకే ఆ స్థాయికి చేరుతుంది. వానకాలంలో ఒక రోజు 4 గంటలు గడ్డి కోయవలసి వచ్చిందనుకుందాం. కంపనం 5 ఉన్న యంత్రంతో ఫలితం 3.5 అవుతుంది. కంపనం 3 ఉన్న యంత్రంతో 2.1 మాత్రమే.

శబ్దం సంగతీ అంతే. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దంలో 8 గంటలు ఉండవచ్చు. ప్రతి 3 డెసిబెళ్లకు ఆ కాలం సగానికి తగ్గుతుంది. 94 డెసిబెళ్ల వద్ద ఒక గంట, 97 వద్ద అరగంట మాత్రమే. పెట్రోలు యంత్రాలు వాడేవారికి చెవి రక్షకాలు తప్పనిసరి అనడానికి కారణమిదే.

ఇక్కడ ఒక వైరుధ్యం కనిపిస్తుంది. పెట్రోలు యంత్రం ఏకబిగిన 4 గంటలు నడవగలదు, కాని దానిని పట్టుకున్న చేయి అన్ని గంటలు తట్టుకోలేదు. బ్యాటరీ యంత్రం సాధారణంగా చేతికి సుఖం, కాని మూడు బ్యాటరీలున్నా ఏకధాటిగా గంటకు మించి సాగదు. ఈ రెంటినీ కలిపి చూస్తే దారి దొరుకుతుంది. శరీరం కోసం పనిని ఎలాగూ పలు రోజులకు పంచవలసిందే. అలా పంచినప్పుడు రోజుకు ఒక గంట చొప్పున నాలుగు ఉదయాలు పనిచేసే బ్యాటరీ యంత్రం చాలుతుంది. కాబట్టి ఎకరం వరకు ఉన్న తోటలకు, నివాస సముదాయాలకు, ఆసుపత్రి, పాఠశాల ఆవరణలకు బ్యాటరీ రకం అనువైనది. అయిదారు ఎకరాలకు మించిన ఆవరణలకు, కాంట్రాక్టు పద్ధతిలో తోటపని చేసేవారికి ఫోర్ స్ట్రోక్ ఇంజను, దానితో పాటు వంతులవారీగా పనిచేసే ఇద్దరు మనుషులు ఉండాలి. ఒక్క మనిషికి ఎక్కువ శక్తి గల యంత్రం ఇవ్వడం దానికి ప్రత్యామ్నాయం కాదు.

తోటపనిలో స్త్రీలు కూడా ఉంటారు. బరువు, పిడి మందం, పట్టీ పొడవు వారికి అమరుతాయో లేదో చూడాలి. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ సమన్వయంతో నడిచే అఖిల భారత పరిశోధన పథకం భారతీయ వ్యవసాయ కార్మికుల శరీర కొలతలను సేకరించింది. పనిముట్లను పరీక్షించే విద్యార్థులు ఈ కొలతలను ఆధారం చేసుకోవచ్చు.

కొనేముందు చేయవలసిన పరీక్షలు

1. కంపనం, శబ్దం విలువలు కరపత్రంలో ఉన్నాయో లేదో చూడాలి. లేకుంటే అడగాలి. ఆ విలువ తెలపని యంత్రాన్ని రోజువారీ పనికి సిఫారసు చేయరాదు.

2. ఇంజను పరిమాణాన్ని సరిచూడాలి. సిలిండరు వ్యాసం 44 మి.మీ., స్ట్రోకు 34 మి.మీ. అయితే పరిమాణం 51.7 సి.సి. మాత్రమే. మూతపై ఎంత పెద్ద అంకె ముద్రించి ఉన్నా లెక్క మారదు.

3. గొట్టం వ్యాసం, లోపలి కడ్డీ పళ్ల సంఖ్య తెలుసుకోవాలి. 26, 28 మి.మీ. గొట్టాలు, 7, 9 పళ్ల కడ్డీలు వాడుకలో ఉన్నాయి. ఒకదానికి చేసిన అనుబంధం మరొకదానికి సరిపోదు.

4. ఎక్కువగా వాడబోయే అనుబంధాన్ని బిగించి, పట్టీ తగిలించుకొని, అసలు పనిచేసే మనిషే పది నిమిషాలు నిలబడి చూడాలి. పొడవు రంపం బిగిస్తే బరువు ముందుకు జరిగి నడుముపై భారం పెరుగుతుంది.

5. ఇంధనం విషయం విచారించాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మన దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలైంది. పలు చిన్న ఇంజనుల కరపత్రాలు 10 శాతం వరకే అనుమతిస్తాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కనుక వాడని నెలల్లో ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేయాలి.

6. బ్యాటరీ వారంటీ ఎన్ని చార్జీలకు లేదా ఎన్నేళ్లకు అని రాతపూర్వకంగా తీసుకోవాలి. వేసవిలో రేకుల షెడ్డులో బ్యాటరీ ఉంచితే ఆయుష్షు తగ్గుతుంది.

వాడకంలో జాగ్రత్తలు

కళ్లద్దాలు, ముఖ కవచం, చెవి రక్షకాలు, గట్టి బూట్లు ధరించనిదే యంత్రం ప్రారంభించరాదు. ఇతరులు, పశువులు 15 మీటర్ల దూరంలో ఉండాలి. పైనుంచి చూస్తే అపసవ్య దిశలో తిరిగే బ్లేడుతో కుడి నుంచి ఎడమకు కోయాలి. బ్లేడు ముందు కుడివైపు భాగం గట్టి కాండానికి తగిలితే యంత్రం ఒక్కసారిగా ఎదురు తన్నుతుంది. అనుబంధం మార్చే ముందు ఇంజను ఆపాలి, బ్యాటరీ తీసివేయాలి. విద్యుత్ తీగల సమీపంలో పొడవు రంపం వాడరాదు. పగిలిన బ్లేడును వెల్డింగు చేయించి వాడడం ప్రాణాపాయం. కాటేదాన్ పారిశ్రామికవాడ పక్కనే ఉన్నందున ఇక్కడ వెల్డింగు సులభంగా దొరకవచ్చు. అయినా వేల చుట్లతో తిరిగే బ్లేడులో అతుకు నిలవదు. కొత్తది కొనడమే మార్గం.

ముగింపు

బహుళ ప్రయోజన పరికరం మేలు దాని అనుబంధాల సంఖ్యలో లేదు. తోటలోని పనులకు అది ఎంతవరకు అమరుతుంది, దానిని మోసే మనిషిని ఎంతవరకు కాపాడుతుంది అన్న దానిలో ఉంది. విస్తరణ శాస్త్రవేత్తలు ప్రదర్శనలలో కోసిన విస్తీర్ణంతో పాటు కంపనం, శబ్దం, వంతుల మధ్య విరామం కూడా నమోదు చేసి చూపాలి. యజమానికి ఇచ్చే సలహాలో మొదటి ప్రశ్న ధర గురించి కాక, దీనిని రోజూ ఎవరు, ఎన్ని గంటలు పట్టుకుంటారన్నది కావాలి.