నలభై దాటాక తెలిసిన ఆస్పర్జర్: ముందు ఏది చదవాలి?

సమస్య

ప్రొద్దుటూరు సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే 41 ఏళ్ల ఉపాధ్యాయిని ఈ లేఖ రాశారు. నిద్ర పట్టకపోవడానికీ, బడి వదిలేసరికి మాట కూడా పెగలనంత అలసట కమ్ముకోవడానికీ కారణం తెలుసుకోవాలని ఆమె బెంగళూరులో ఒక మానసిక వైద్యుని సంప్రదించగా, ఆయన పలుమార్లు మాట్లాడి, ఆమె తల్లిని చిన్ననాటి సంగతులు అడిగి, ఇది ఆస్పర్జర్ సిండ్రోమ్ అని నిర్ధారించారు. మాటకూ తెలివికీ లోటు లేకపోయినా, ఎదుటివారు చెప్పకుండానే సూచించే సంగతులను పట్టుకోవడంలోనూ, శబ్దాన్నీ వెలుతురునూ ఆకస్మిక మార్పునూ తట్టుకోవడంలోనూ పుట్టుక నుంచే వేరుగా ఉండే తీరుకు అది పేరని ఆయన వివరించారు గానీ, ఏమి చదవాలో చెప్పలేదు. కడపలోనూ కర్నూలులోనూ ఆమె వెదికిన దుకాణాలలో కనిపించినవన్నీ పిల్లల తల్లిదండ్రుల కోసం రాసినవే కాగా, వాటిలో ఒకటి పథ్యంతో పూర్తిగా నయమవుతుందని హామీ ఇచ్చింది. కొత్త ఆంగ్ల గ్రంథాలలో ఆ పేరే కనబడలేదు. ఒక వ్యాసంలోనైతే ఆస్పర్జర్ అనే వైద్యుడు పిల్లలను చావుకు పంపినవాడని ఉంది. “ఇన్నేండ్లు బాగనే ఉంటివి గదా, ఇప్పుడేం కొత్తగా వచ్చె?” అని భర్త అడుగుతున్నారు. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి, భర్తతో ఏది చదివించాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

సలహా

ముందుగా చదవవలసినది వైద్యుడు రాసిన గ్రంథం కాదు, నడివయసులో ఇదే నిర్ధారణ పొందిన మనిషి రాసిన గ్రంథం. వైద్య గ్రంథాలు బయటి నుంచి కనిపించే లోపాలను వరుసగా పేర్కొంటాయి కనుక, పాఠకురాలు వాటిని నేరారోపణ పత్రంలా చదువుకొని కుంగిపోయే ప్రమాదం ఉంది. అనుభవించినవారు రాసినప్పుడు మాత్రం అవే సంగతులు లోపలి నుంచి, కారణాలతో సహా కనిపిస్తాయి. ఈ కోవలో 2014లో వెలువడిన సింథియా కిమ్ రచన ‘నెర్డీ, షై అండ్ సోషల్లీ ఇనాప్రోప్రియేట్’ ఈ లేఖకు అందరికన్నా దగ్గరగా ఉంటుంది. ఆ అమెరికా రచయిత్రి పెళ్లై, కూతురిని పెంచి, సొంత వ్యాపారం నడుపుతూ, నలభై దాటాక ఈ నిర్ధారణ పొందారు. దాని తరువాత చదవదగినది 1999లో వచ్చిన లియాన్ హాలిడే విల్లీ ఆత్మకథ ‘ప్రిటెండింగ్ టు బి నార్మల్’. తన కుమార్తెకు ఆస్పర్జర్ అని తెలిసినప్పుడే తన సంగతీ బోధపడిన ఈ రచయిత్రి కూడా అధ్యాపకురాలే కావడం వల్ల, తరగతి గదిలో రోజంతా నిలబడిన మనిషి సాయంత్రానికి ఎందుకు కూలబడిపోతుందో ఆ పుస్తకంలో వివరంగా దొరుకుతుంది. తనకు సహజంగా రాని చిరునవ్వునూ పలకరింపునూ ఇతరులను చూసి నేర్చుకొని నిత్యం ప్రదర్శించడాన్ని మాస్కింగ్, అంటే ముసుగు వేసుకోవడం, అంటారు. లేఖలోని అలసటలో పెద్ద వాటా ఈ ముసుగుదే అయి ఉండవచ్చు.

పేరు విషయంలో కలిగిన గందరగోళానికి చరిత్రలో కారణం ఉంది. వియన్నాలో పిల్లల వైద్యుడైన హాన్స్ ఆస్పర్జర్ 1944లో ఇటువంటి పిల్లలను వర్ణించినా, ఆ వర్ణనను ఆంగ్ల ప్రపంచంలో ప్రచారానికి తెచ్చి ఆయన పేరు పెట్టినది 1981లో బ్రిటన్‌కు చెందిన లోర్నా వింగ్. ఆమె మానసిక వైద్యురాలే గాక ఆటిజం ఉన్న కుమార్తెకు తల్లి కూడా. 2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం ఐదవ కూర్పులోనూ, 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలోనూ ఈ విడి పేరును తొలగించి, ఆటిజం స్పెక్ట్రమ్ అనే విశాలమైన పేరులో, అంటే తీవ్రతలోనూ రూపంలోనూ మనిషికొక రకంగా ఉండే ఒకే వర్ణపటంలో, కలిపివేశారు. అందుచేత పాత గ్రంథాలను ఆస్పర్జర్ పేరుతోనూ, కొత్తవాటిని ఆటిజం పేరుతోనూ వెదకవలసి వస్తుంది. వైద్యుడు పాత పేరు చెప్పినంత మాత్రాన నిర్ధారణ తప్పు కాదు. ఇక ఆస్పర్జర్ నాజీల కాలంలో పిల్లలను ష్పీగెల్‌గ్రుండ్ అనే మరణకేంద్రానికి సిఫారసు చేశాడన్నది 2018లో చరిత్రకారుడు హెర్విగ్ చెక్ పత్రాల ఆధారంతో ప్రకటించిన విషయం. అది తెలుసుకోదగినదే, కానీ మొదటి నెలలో చదవదగినది కాదు. ఒక వైద్యుని పాపానికీ, ప్రొద్దుటూరులో ఒక ఉపాధ్యాయిని నిద్రలేమికీ సంబంధం లేదు.

పై పుస్తకాలన్నీ పరాయి సమాజంలో పుట్టినవి గనుక వాటిని ఉన్నవున్నట్లుగా అన్వయించుకోరాదన్నది ఈ సలహాలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఎదుటివారి కళ్లలోకి చూడలేకపోవడాన్ని ఆ రచయితలు పెద్ద గుర్తుగా చెబుతారు. రాయలసీమ ఇళ్లలో పెద్దల ఎదుట తల వంచుకొని మాట్లాడే ఆడపిల్లను అణకువ గలదని మెచ్చుకుంటారు. ఎక్కువ మాట్లాడకపోవడం కుదురుగానూ, పేరంటాలకు వెళ్లకపోవడం చదువు మీది శ్రద్ధగానూ, నిబంధన ఒక్కటి కూడా సడలించకపోవడం పంతులమ్మకు తగిన కట్టుదిట్టంగానూ చెల్లిపోయి ఉంటాయి. నలభై ఏళ్లపాటు ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం లక్షణాలు లేకపోవడం కాదు, అవి సుగుణాల లెక్కలో జమ కావడం. భర్త అడిగిన ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉంది.

అదే విధంగా, పుస్తకాలు ప్రస్తావించని కష్టాలు ఇక్కడ ఉంటాయి. దారిలో ఎదురైనవారు “యాడికి పోతాండావు?” అంటే అది పలకరింపే గాని విచారణ కాదు, ఆస్పర్జర్ ఉన్న మనిషి దానిని నిజమైన ప్రశ్నగా తీసుకొని, ఎర్రగుంట్లలో ఏ బస్సు దిగి ఏ పనికి వెళుతున్నదీ పూసగుచ్చినట్లు చెప్పి, అడిగినవారు మధ్యలోనే ఎందుకు నడిచిపోయారో అర్థం కాక నిలబడిపోవచ్చు. అప్పు తీర్చమన్నప్పుడో సెలవు అడిగినప్పుడో “చూద్దాంలే” అన్న మాట చాలాసార్లు మర్యాదగా చెప్పిన ‘కాదు’ అయి ఉండగా, దానిని వాగ్దానంగా నమ్మి రోజులు లెక్కపెట్టుకోవచ్చు. ప్రొద్దుటూరు దసరా జనసమ్మర్దం, పెళ్లి ఊరేగింపుల్లో డీజే మోత, ముందుగా కబురు లేకుండా వచ్చి నాలుగు రోజులుండే బంధువులు ఏ ఆంగ్ల గ్రంథంలోనూ అధ్యాయాలు కావు. అందుచేత పెన్సిలు పట్టుకొని చదువుతూ, తనకు వర్తించిన చోట తన ఊరి ఉదాహరణను అంచున రాసుకోవడం, వర్తించని దానిని కొట్టివేయడం మేలు. పెద్దలు కుదిర్చిన పెళ్లితో ఇరవై ఏళ్లు గడిచినవారు డేటింగు గురించిన అధ్యాయాలను నిస్సంకోచంగా దాటేయవచ్చు. అంచున పోగైన ఆ ఉదాహరణలు తరువాతి సంప్రదింపులో వైద్యునికి ఎంతో ఉపయోగపడతాయి.

కిమ్, విల్లీ పుస్తకాల తరువాత వైద్య దృష్టి వైపు వెళ్లదలిస్తే, ఆస్ట్రేలియాలో స్థిరపడిన మనస్తత్వవేత్త టోనీ ఆట్‌వుడ్ రచించిన సమగ్ర మార్గదర్శిని సరైనది; దానిని మొదటి నుంచి చివరి వరకు కాక, ఇంద్రియాల తీవ్రత గురించిన భాగాన్ని ముందు చదవడం మంచిది. టెంపుల్ గ్రాండిన్ 1995లో రాసిన ‘థింకింగ్ ఇన్ పిక్చర్స్’ బాల్యంలోనే తేడా బయటపడిన వ్యక్తి రచన కావడం వల్ల ఈ లేఖకు కొంత దూరమే, అయినా పశువుల బెదురును వాటి కంటితోనే చూసి పశువుల దొడ్లకు రూపకల్పన చేసిన ఆ రచయిత్రిని ఎద్దుల పందేలు ఎరిగిన సీమ పాఠకులు త్వరగానే దగ్గర చేసుకుంటారు. డేమియన్ మిల్టన్ 2012లో ప్రతిపాదించిన ద్వంద్వ సహానుభూతి అనే భావనను కూడా తెలుసుకోవాలి: ఆటిజం ఉన్నవారికి ఇతరులు అర్థం కాకపోవడం ఎంత నిజమో, ఇతరులకు వారు అర్థం కాకపోవడం కూడా అంతే నిజమనీ, లోపం ఇద్దరి మధ్య ఉందనీ దాని సారం. మిల్టన్ స్వయంగా ఆటిజం ఉన్న సామాజిక శాస్త్రవేత్త.

పథ్యంతోనో, మూలకణాల ఎక్కింపుతోనో, ఒంట్లోని లోహాలను కడిగివేసే మందుతోనో నయం చేస్తామనే పుస్తకాన్ని అక్కడే మూసివేయాలి. ఇది జబ్బు కాదు గనుక నయం కావలసినది లేదు, నిద్రలేమికీ దిగులుకూ మాత్రం చికిత్స ఉంది. వాటి కోసం ప్రభుత్వపు టెలి మానస్ సంఖ్య 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆంగ్ల పుస్తకాల ధర భారమైతే జిల్లా గ్రంథాలయంలో పేరు రాసి ఇచ్చి తెప్పించమని కోరడానికి మొహమాటపడనక్కరలేదు. తెలుగునాట గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో పుట్టినది కర్నూలులోనే, ఆ గ్రంథాలయాలు నడిచేది ఇంటిపన్నుతో పాటు జనం కట్టే సెస్సుతోనే.

చట్టం సంగతి కూడా చదువులో భాగమే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం స్పెక్ట్రమ్ ఒకటి. వైకల్య ధ్రువపత్రానికి వాడే కొలమానం ఇసా సికింద్రాబాదులోని జాతీయ సంస్థలో తయారైనది. అందులోని 40 అంశాలకు కలిపి 70 మార్కులు వస్తేనే ఆటిజంగా లెక్కిస్తారు. ధారాళంగా మాట్లాడుతూ ఉద్యోగం చేసుకునే పెద్దలకు ఆ అంకె తక్కువ పడే అవకాశం ఉంది గనుక, పత్రం రాకపోయినా నిర్ధారణ చెల్లదని అనుకోకూడదు.

భర్త చేతికి పుస్తకం మొత్తం ఇవ్వడం వృథా. శబ్దాల గురించీ ముందస్తు కబురు గురించీ ఉన్న రెండు మూడు పుటలను ఎంచి, అంచున ఆమె రాసుకున్న ఇంటి ఉదాహరణలతో సహా, తెలుగులో చదివి వినిపిస్తే చాలు. ఆ వెంటనే ఒక్క కోరిక మాత్రమే అడగాలి: చుట్టాలు వచ్చే సంగతి ఒక రోజు ముందు చెప్పడం వంటిది, ఆయన ఆ వారంలోనే చేయగలిగినది. ‘చూద్దాంలే’ అని ఆయన అంటే, ఔనో కాదో తేల్చి చెప్పమని ఆమె అక్కడికక్కడే అడగవచ్చు.