తెల్ల మందలో ఎర్రపిల్ల పుడితే

జీతానికి మంద కాసేవాళ్లకు ముందుగా ఈ మాట చెప్పాలి. తల్లీ తండ్రీ తెల్లవే, పుట్టింది ఎర్రపిల్ల. పక్క మంద పొట్టేలును ఎందుకు కలవనిచ్చావని యజమాని కాపరిని నిలదీస్తాడు. పిల్ల రంగు ఒక్కటే చూసి ఆ నింద వేయడం అన్యాయం.

రంగు జన్యువు పిల్లకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. చాలా గొర్రె జాతుల్లో తెలుపుదే పైచేయి. ముదురు రంగు దాని చాటున తరాల తరబడి దాగి ఉంటుంది. దాన్ని దాచుకున్న రెండు తెల్లవి కలిస్తే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి రంగుతో పుడుతుంది. అందుకే కాపరి దగ్గర ఒక నోటుపుస్తకం ఉండాలి. ఈనిన తేదీ, తల్లి చెవిపోగు నంబరు, పొట్టేలు, పిల్ల రంగు, బరువు రాసుకుంటే చాలు. యజమానులకూ నా విన్నపం: ఆ పుస్తకం చూడకుండా జీతం కోయకండి.

నెల్లూరు గొర్రెలో రంగును బట్టే మూడు రకాలు: తెల్లని పల్ల, గోధుమ రంగు దొర, కళ్ల చుట్టూ, పెదాల దగ్గర, కింది దవడ మీద నల్లమచ్చలున్న జోడిపి. ఏ మచ్చ ఎక్కడ ఎంత పడుతుందో ఒక్క జన్యువు తేల్చదు. కాబట్టి జోడిపి పొట్టేలును తెస్తే పిల్లలన్నీ అచ్చం అలాగే పుడతాయని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

మచ్చల మోజుకు ఎక్కువ ధర పెట్టడం నాకు నచ్చదు. విదేశాల్లో బాల్ పైథాన్ అనే కొండచిలువను రంగుల కోసమే జతకట్టిస్తారు. వాటిలో ‘స్పైడర్’ రకానికి సన్నని చారలతో పాటే తల వణుకు కూడా వస్తుంది. గొర్రెల్లోనూ ఇలాంటిది ఉంది. కరకుల్ జాతిలో బూడిద రంగు జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే పిల్ల నెలల్లోనే చనిపోతుంది.

విత్తనపు పొట్టేలును ఎంచేటప్పుడు మూడు నెలలకు, ఆరు నెలలకు దాని బరువెంతో అడగండి. వృషణాలు రెండూ సమానంగా ఉన్నాయో లేదో తడిమి చూడండి, కాళ్లు, పళ్లు పరీక్షించండి. ఇరవై అయిదు, ముప్పై గొర్రెలకు ఒక పొట్టేలు సరిపోతుంది. దాని కూతుళ్లు ఎదకు వచ్చేలోపు, అంటే దాదాపు రెండేళ్లకోసారి, దాన్ని మార్చాలి. లేకపోతే దాగిన రంగు బయటపడ్డట్టే దాగిన లోపాలూ బయటపడతాయి. కొనే ముందు పొట్టేలు తల్లి పాలదిగుబడి, కవలల సంగతి కనుక్కోండి. ఆ తల్లిని కళ్లారా చూడనిదే అడ్వాన్సు ఇవ్వకండి.