జ్ఞానాపురంలో ఈస్టర్ జాగరణ

విశాఖపట్టణం రేవుకు, రైల్వేస్టేషనుకు చేరువలో జ్ఞానాపురం ఉంది. అక్కడి పునీత పేతురు దేవాలయం విశాఖ అగ్రపీఠానికి ప్రధానాలయం. 1886లో మేత్రాసనంగా ఏర్పడిన ఈ పీఠం 2001లో అగ్రపీఠమైంది. ఒక గురువు పాలనలోని విశ్వాసుల సమాజాన్ని కథోలికులు ‘విచారణ’ అంటారు. విచారణ అంతా ఒక్కచోట చేరే కాలం పవిత్ర వారం.

గురువారం నాడు గురువు పన్నెండుమంది పాదాలు కడుగుతాడు. పూర్వం నియమం ప్రకారం పురుషుల పాదాలే కడిగేవారు. 2016లో నాటి పోపు ఫ్రాన్సిస్ స్త్రీలకు కూడా ఆ స్థానం కల్పించారు. శుక్రవారం సిలువ ఆరాధన జరుగుతుంది.

శనివారం రాత్రి దేవాలయంలోని దీపాలన్నీ ఆర్పివేస్తారు. వెలుపల కొత్త నిప్పు రాజేసి, ఆ సంవత్సరపు అంకెలు చెక్కిన పెద్ద కొవ్వొత్తిని వెలిగిస్తారు. దాని నుండి ఒకరి వత్తి, ఆ వత్తి నుండి పక్కవారి వత్తి వెలుగుతాయి. రేవు కూలీ అయినా, ఉక్కు కర్మాగారపు ఉద్యోగి అయినా పొరుగువారి చేతి నిప్పునే అందుకోవాలి.

2020లో ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టర్ నాటికి కరోనా కట్టడి అమలులో ఉంది. దేవాలయాలలోకి విశ్వాసులకు ప్రవేశం లేదు. పూజను తెరపై చూడవచ్చు గాని, ఆ జ్వాల వత్తికి అంటుకోదు. ఇంట్లో ఎవరి అగ్గిపుల్ల వారే గీసుకోవాలి.