డయాలసిస్‌లో బి.పి. ఎందుకు పెరుగుతుంది? ఎందుకు పడిపోతుంది?

"ఇంట్లో చూస్తే బి.పి. 180 ఉంటోంది. మెషీన్ మీద పడుకున్న రెండు గంటలకే 90కి పడిపోతోంది. ఇంతకీ మావారికి ఉన్నది ఎక్కువ బి.పి.నా, తక్కువ బి.పి.నా?" డయాలసిస్ రోగుల కుటుంబ సభ్యులు తరచుగా అడిగే ప్రశ్న ఇది.

ఇవి రెండు వేర్వేరు జబ్బులు కావు. చాలామందిలో రెండింటికీ మూలం ఒక్కటే. ఒక డయాలసిస్‌కూ మరొక డయాలసిస్‌కూ మధ్య ఒంట్లో చేరే ఉప్పు, నీరు. ఈ సంగతి రోగితోపాటు వంట చేసేవారికి కూడా తెలియాలి. అందుకే ఈ పాఠాన్ని ఇంటిల్లిపాదీ కలిసి చదవండి.

ఇంట్లో బి.పి. ఎందుకు పెరుగుతుంది?

ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు ఒంట్లో ఎక్కువైన ఉప్పును, నీటిని మూత్రం ద్వారా బయటకు పంపిస్తాయి. అవి పాడైనప్పుడు మూత్రం తగ్గిపోతుంది. తాగిన నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. రక్తనాళాలు నిండి బి.పి. పెరుగుతుంది. పాదాలు, ముఖం వాస్తాయి. ఇంకా ఎక్కువైతే నీరు ఊపిరితిత్తుల్లో చేరి, పడుకుంటే ఆయాసం వస్తుంది.

ఒక లీటరు నీరు ఒంట్లో నిలిస్తే బరువు ఒక కిలో పెరుగుతుంది. కాబట్టి బి.పి. మెషీన్ ఎంత అవసరమో, బరువు చూసే మెషీన్ కూడా అంతే అవసరం. రోజూ ఉదయం, ఒకే రకమైన దుస్తుల్లో బరువు చూసుకుని పుస్తకంలో రాసుకోండి.

మెషీన్ మీద ఎందుకు పడిపోతుంది?

డయాలసిస్ మెషీన్ నీటిని రక్తంలోనుంచే తీయగలదు. కండరాల్లో, చర్మం కింద చేరిన నీరు మెల్లగా రక్తంలోకి రావాలి. బావిలో నీరు ఊరేకంటే వేగంగా మోటారుతో తోడితే ఏమవుతుంది? నీటిమట్టం దిగిపోతుంది. ఇక్కడా అంతే. ఊట కంటే తోడటం వేగమైతే బి.పి. పడిపోతుంది.

ఒక లెక్క చూద్దాం. 50 కిలోల మనిషి 2 కిలోలు పెరిగి వస్తే, 4 గంటల డయాలసిస్‌లో గంటకు అర లీటరు తీస్తే సరిపోతుంది. అదే 4 కిలోలు పెరిగి వస్తే గంటకు లీటరు తీయాలి. సాధారణంగా కిలో బరువుకు గంటకు 13 మిల్లీలీటర్లు దాటకుండా చూస్తారు. 50 కిలోల మనిషికి అది గంటకు 650 మిల్లీలీటర్లు, 4 గంటలకు 2.6 లీటర్లు. అంతకు మించి తీస్తే గుండెకు, మెదడుకు రక్తం తగ్గుతుంది. ఇలా పదే పదే జరిగితే గుండె బలహీనపడుతుంది.

బి.పి. పడిపోయినప్పుడు నీరు తీయడం ఆపాల్సి వస్తుంది. మిగిలిన నీటితోనే రోగి ఇంటికి వెళతాడు. ఇంట్లో మళ్ళీ బి.పి. పెరుగుతుంది. పైన చెప్పిన 180, 90 వెనుక ఉన్న కథ ఇదే.

డ్రై వెయిట్ అంటే ఏమిటి?

ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండే బరువును డ్రై వెయిట్ అంటారు. డయాలసిస్ అయ్యేసరికి మిమ్మల్ని ఆ బరువుకు తీసుకురావాలని సిబ్బంది ప్రయత్నిస్తారు. ఇది ఒకసారి నిర్ణయిస్తే ఎప్పటికీ మారనిది కాదు. ఆకలి పెరిగి మీకు ఒళ్ళు పట్టింది అనుకోండి. పాత లెక్కనే నీరు తీస్తే బి.పి. పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. జ్వరంవల్లో, తిండి సరిగా తినకపోవడంవల్లో చిక్కిపోయారనుకోండి. బరువు అంతే కనబడుతుంది కానీ కండ పోయిన చోట నీరు చేరి ఉంటుంది. అందువల్ల ఆకలి మారినా, జబ్బు చేసి లేచినా డాక్టరుగారికి తప్పక చెప్పండి.

దాహానికి మూలం ఉప్పు

"నీళ్ళు తగ్గించండి" అని అందరూ చెబుతారు. కానీ ఉప్పు తగ్గించకుండా నీళ్ళు తగ్గించడం ఎవరివల్లా కాదు. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ ఒక లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన ఒంట్లోని ద్రవాల ఉప్పదనం కూడా దాదాపు అంతే. అంటే 9 గ్రాముల ఉప్పు తింటే, అది సమానమయ్యేంతవరకూ, సుమారు ఒక లీటరు నీరు తాగేదాకా దాహం వదలదు. రోజంతా కలిపి ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను, దాటకూడదు.

1960లో అమెరికాలోని సియాటిల్ నగరంలో డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ దీర్ఘకాలిక డయాలసిస్ మొదలుపెట్టారు. ఆయన మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్‌కు బి.పి. ప్రమాదకరంగా ఉండేది. డయాలసిస్‌లో అదనపు నీటిని తీసి, తిండిలో ఉప్పు తగ్గించి దాన్ని అదుపులోకి తెచ్చారు. ఆయన 1971 వరకు, సుమారు 11 సంవత్సరాలు జీవించారు. మందులు ఎన్నో వచ్చిన ఈ రోజుల్లో కూడా ఆ మొదటి సూత్రం మారలేదు.

వంటింట్లో ఇలా చేయండి:

1. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఉప్పుచేప, మిక్చరు మానండి. అన్నం ఉప్పు లేకుండానే వండండి.

2. రుచికోసం అల్లం, వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర, కొత్తిమీర, కొద్దిగా నిమ్మరసం వాడండి.

3. "లో సోడియం" ఉప్పు కొనవద్దు. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. డయాలసిస్ రోగికి అది గుండె ఆగిపోయేంత ప్రమాదం.

4. రోజుకు తాగవలసిన నీటి కొలత డాక్టరుగారు చెబుతారు. ఆ నీటిని ఉదయమే ఒక సీసాలో పోసుకోండి. టీ, మజ్జిగ, చారు, గంజి తీసుకున్నప్పుడల్లా అంత నీరు సీసాలోనుంచి తీసేయండి. చిన్న గ్లాసు వాడండి. నోరెండితే పుక్కిలించి ఉమ్మేయండి.

5. షుగర్ ఉన్నవారికి అది అదుపులో లేకపోయినా దాహం పెరుగుతుంది.

ఆదివారం జాగ్రత్త

సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ చేయించుకునేవారైనా, మంగళ, గురు, శనివారాల్లో చేయించుకునేవారైనా, ఎక్కువ ఎడం ఆదివారమే వస్తుంది. విందులు, పెళ్ళిళ్ళు, చుట్టాలు వచ్చేదీ ఆ రోజే. అమెరికాలో సుమారు 32,000 మంది రోగులను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ ఎక్కువ ఎడం తరువాతి రోజున మరణాలు, గుండె జబ్బుతో ఆస్పత్రిలో చేరడం ఎక్కువని తేలింది. వారానికి రెండుసార్లే చేయించుకునేవారికి ఎడం ఇంకా ఎక్కువ. విందుకు వెళ్ళవద్దని కాదు. ముందుగా ఇంట్లో కొంచెం తిని వెళ్ళండి. అక్కడ పచ్చళ్ళు, సాంబారు, కూల్‌డ్రింకులు వదిలేయండి. "ఒక్క రోజుకు ఏమీ కాదు" అని బలవంతం చేయకుండా ఉండటమే బంధువులు చేయగల మేలు.

బి.పి. మాత్రల సంగతి

డయాలసిస్ రోజు ఉదయం మాత్ర వేసుకోవాలా, తరువాత వేసుకోవాలా అనేది మందును బట్టి ఉంటుంది. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటివి డయాలసిస్‌లో కొంత బయటకు పోతాయి. ఆమ్లోడిపిన్ పోదు. కాబట్టి మీ ప్రతి మాత్ర గురించి డాక్టరుగారినే అడిగి కాగితంమీద రాయించుకోండి. "మొన్న బి.పి. పడిపోయింది కదా" అని సొంతంగా మానేయవద్దు. ముఖ్యంగా క్లోనిడిన్ ఒక్కసారిగా ఆపితే బి.పి. విపరీతంగా పెరుగుతుంది. ఒళ్ళునొప్పుల మాత్రలు కూడా బి.పి.ని పెంచగలవు. అడగకుండా కొనుక్కోవద్దు.

మెషీన్ మీద ఉన్నప్పుడు

బి.పి. పడిపోయేముందు ఆవులింతలు, చెమటలు, వికారం, కళ్ళు మసకబారడం, పిక్కలు పట్టేయడం వంటివి ఉంటాయి. ఓర్చుకోవద్దు. వెంటనే నర్సుకు చెప్పండి. తల దించి, కాళ్ళు ఎత్తి పెడతారు, నీరు తీయడం ఆపుతారు, అవసరమైతే సెలైన్ ఇస్తారు. కడుపునిండా తింటే రక్తం జీర్ణకోశానికి మళ్ళి బి.పి. పడిపోవచ్చు. డయాలసిస్‌కు ముందు తేలికగా తినండి. షుగర్ ఉన్నవారు మాత్రం ఖాళీ కడుపుతో రాకూడదు.

కొందరికి మెషీన్ మీదే బి.పి. పెరుగుతుంది. ఒంట్లో ఇంకా నీరు మిగిలి ఉండటం దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి. రక్తం పెరగడానికి ఇచ్చే ఇంజక్షనువల్ల కూడా పెరగవచ్చు.

ఇంటికి వెళ్ళాక

డయాలసిస్ అయ్యాక పది నిమిషాలు కూర్చుని, మెల్లగా లేవండి. నీరసంగా ఉందని ఉప్పు వేసిన మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఓ.ఆర్.ఎస్. ఇవ్వవద్దు. మామూలు మనిషికి మేలు చేసేవే ఇక్కడ కీడు చేస్తాయి. కొబ్బరినీళ్ళలో, ఓ.ఆర్.ఎస్.లో పొటాషియం ఉంటుంది. కళ్ళు తిరిగితే పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండు పెట్టి, యూనిట్‌కు ఫోన్ చేయండి.

ఫిస్టులా ఉన్న చేతికి బి.పి. చూడకూడదు. బి.పి. బాగా పడిపోతే ఫిస్టులాలో రక్తం గడ్డకట్టవచ్చు. అందుకే ఉదయం, సాయంత్రం దానిమీద వేళ్ళు పెట్టి అదురు ఉందో లేదో చూసుకోండి.

వీటిలో ఏది కనబడినా తరువాతి డయాలసిస్ వరకు ఆగకుండా ఆస్పత్రికి రండి: పడుకుంటే ఆయాసం, ఛాతీ నొప్పి, తీవ్రమైన తలనొప్పితో 180 దాటిన బి.పి., మాట తడబడటం, ఒక చెయ్యి లేదా కాలు పడిపోవడం, స్పృహ తప్పడం, ఫిస్టులాలో అదురు ఆగిపోవడం.

పాఠం చదివాక మీకు మీరే జవాబు చెప్పుకోండి

1. నా డ్రై వెయిట్ ఎంత? ఈ ఉదయం నా బరువు ఎంత?
2. నిన్న మా ఇంట్లో ఉప్పు ఎక్కడెక్కడినుంచి నా కంచంలోకి వచ్చింది?
3. డయాలసిస్ రోజున ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో నా దగ్గర రాసి ఉందా?
4. నేను కళ్ళు తిరిగి పడిపోతే ఏం చేయాలో ఇంట్లో వారికి తెలుసా?

ఏ ప్రశ్నకు జవాబు తెలియకపోయినా, తరువాతిసారి డయాలసిస్‌కు వచ్చినప్పుడు అడిగి తెలుసుకోండి. బరువు, బి.పి. రాసిన పుస్తకం కూడా వెంట తెచ్చుకోండి.