అప్పు ఎలా పెరుగుతుంది? ఎలా తరుగుతుంది?

పొదిలి మెట్టప్రాంతపు ఊరు. చుట్టుపక్కల పల్లెల్లో పొగాకు, మిరప, కంది పండిస్తారు. పొదిలిలో పొగాకు బోర్డు వేలం కేంద్రం వున్నది. బేళ్ళు వేలానికి వెళ్ళే నెలల్లో రైతు చేతిలో పైకం ఆడుతుంది. మిగిలిన నెలల్లో ఖర్చే తప్ప రాబడి వుండదు.

ఇటువంటి చోట ఒక రైతు ఇల్లు కట్టుకోదలచాడనుకొందాం. తాను కూడబెట్టింది పోగా ఇంకా 10 లక్షల రూపాయలు కావాలి. అందుకు రెండు దారులున్నాయి.

మొదటిది నోటు రాసి తెలిసిన ఆసామి దగ్గర తెచ్చుకోవడం. వడ్డీ నూటికి రెండు రూపాయలు. నెలనెలా కట్టే బాధ లేదు. "పంట వచ్చాక చూద్దాంలే" అంటాడు ఆసామి.

రెండవది బ్యాంకు అప్పు. వడ్డీ 9 శాతం. నెలకు 8,997 రూపాయల చొప్పున 20 ఏళ్ళు కట్టాలి.

ఆ రైతు కూతురు పదో తరగతి, కొడుకు ఏడో తరగతి చదువుతున్నారు. "రెండు కంటె తొమ్మిది ఎక్కువ గదా అక్కా! నోటే నయం" అన్నాడు తమ్ముడు.

"కాదురా. ఆ రెండు నెలకు, ఈ తొమ్మిది ఏడాదికి. రెండును పన్నెండుతో హెచ్చవేసి చూడు. 24 శాతం అవుతుంది" అన్నది అక్క.

నాన్నకు ఆ సంగతి తెలుసు. ఆయన భయం వేరు. "వడ్డీ ఎక్కువైనా ఆసామి ఆగుతాడమ్మా. బ్యాంకు ఆగదు. పైకం లేని నెలలో వాయిదా ఎక్కడనుంచి తేను?" అన్నాడు.

ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. దీనికి జవాబు చెప్పాలంటే అప్పు ఎలా పెరుగుతుందో, ఎలా తరుగుతుందో ముందు తెలుసుకోవాలి.

నోటు తిరగరాస్తే ఏమవుతుంది?

అసలు మీద మాత్రమే వడ్డీ కడితే అది బారువడ్డీ. వడ్డీని అసలులో కలిపి, ఆ మొత్తం మీద మళ్ళీ వడ్డీ కడితే అది చక్రవడ్డీ. నోటు అప్పు పైకి బారువడ్డీగానే కనిపిస్తుంది. కాని ప్రామిసరీ నోటుకు మూడేళ్ళలో కాలదోషం పడుతుంది. ఆ తరువాత దాని మీద కోర్టులో దావా వేయడం కుదరదు. అందుకని అప్పు తీరకపోతే మూడేళ్ళు నిండేలోగా నోటు తిరగరాయించుకొంటారు. తిరగరాసేటప్పుడు అంతవరకు అయిన వడ్డీని అసలులో కలిపేస్తారు.

100 రూపాయల లెక్క చూద్దాం. నూటికి రెండు రూపాయల చొప్పున మూడేళ్ళకు, అంటే 36 నెలలకు, వడ్డీ 72 రూపాయలు. కొత్త నోటు 172 రూపాయలకు రాస్తారు. ఇంకో మూడేళ్ళకు అది 295 రూపాయల 84 పైసలు. తొమ్మిదేళ్ళకు 508 రూపాయల 84 పైసలు. బారువడ్డీ అయితే తొమ్మిదేళ్ళకు 316 రూపాయలే కావాలి. మిగిలిన 192 రూపాయల 84 పైసలు ఎక్కడివి? వడ్డీకి పుట్టిన వడ్డీ అది.

100, 172, 295.84, 508.84. ఈ అంకెల్లో ఒక వరస వున్నది. ప్రతి అంకెను 1.72తో గుణిస్తే తరువాతి అంకె వస్తుంది. దీనినే గుణశ్రేఢి అంటారు. ఈ లెక్కన 10 లక్షల అప్పు తొమ్మిదేళ్ళు తీర్చకపోతే దాదాపు 51 లక్షలవుతుంది. ఆసామి ఆగుతాడన్న మాట నిజమే. కాని వడ్డీ ఆగదు.

పోనీ, వడ్డీ ఏటేటా కడుతూ పోతే? ఏడాదికి 2 లక్షల 40 వేలు కట్టాలి. అసలు పది లక్షలూ అలాగే వుంటుంది. బ్యాంకుకు కట్టవలసింది ఏడాదికి సుమారు 1 లక్ష 8 వేలే.

వాయిదాలో రెండు భాగాలు

ఇప్పుడు బ్యాంకు అప్పు సంగతి. ముందుగా చిన్న అప్పు తీసుకొందాం. 1,000 రూపాయలు అప్పు, నెలకు నూటికి ఒక రూపాయి వడ్డీ, నెలకు 100 రూపాయల వాయిదా.

మొదటి నెల వడ్డీ 10 రూపాయలు. వాయిదాలో ఆ 10 పోగా 90 రూపాయలు అసలుకు జమ అవుతుంది. బాకీ 910.

రెండవ నెల వడ్డీ 910 మీదనే. అంటే 9.10. అసలుకు జమ 90.90. బాకీ 819.10.

మూడవ నెల వడ్డీ 8.19. అసలుకు జమ 91.81. బాకీ 727.29.

వాయిదా మారలేదు. కాని లోపల వడ్డీ భాగం తగ్గుతూ, అసలు భాగం పెరుగుతూ వస్తున్నది. 90, 90.90, 91.81 అనే అంకెలు చూడండి. ప్రతి అంకెను 1.01తో గుణిస్తే తరువాతి అంకె వస్తుంది. ఇదీ గుణశ్రేఢే! నోటు తిరగరాసినప్పుడు అప్పును పెంచిన గుణశ్రేఢి, వాయిదా కట్టేటప్పుడు తీరే భాగాన్ని పెంచుతున్నది. అప్పటి పగవాడే ఇప్పుడు మిత్రుడైనాడన్నమాట.

ఇదే అప్పుకు వాయిదా నెలకు 10 రూపాయలే అయితే? వడ్డీకే సరిపోతుంది. వెయ్యి రూపాయల బాకీ ఎన్నేళ్ళయినా వెయ్యిగానే వుంటుంది. వాయిదా 9 రూపాయలైతే బాకీ పెరుగుతుంది! కాబట్టి అప్పు తరగాలంటే వాయిదా వడ్డీ కంటె ఎక్కువ వుండాలి. ఎంత ఎక్కువ వుంటే అంత త్వరగా తరుగుతుంది.

పది లక్షల లెక్క

ఇక ఆ రైతు అప్పు చూద్దాం. ఏడాదికి 9 శాతమంటే నెలకు ముప్పావు శాతం. పది లక్షల మీద మొదటి నెల వడ్డీ 7,500 రూపాయలు. వాయిదా 8,997. అసలుకు జమ అయ్యేది 1,497 మాత్రమే.

మొదటి ఏడాదిలో కట్టింది 1,07,967 రూపాయలు. అందులో అసలు తగ్గింది 18,727 రూపాయలు. మిగిలినదంతా వడ్డీయే.

పదేళ్ళు గడిచాయి. గడువులో సగం అయింది. అప్పులో సగం తీరివుంటుందా? లేదు. ఇంకా 7 లక్షల 10 వేలు బాకీ వుంటుంది. వాయిదాలో అసలు భాగం వడ్డీ భాగాన్ని మించడానికి 12 ఏళ్ళు దాటాలి. బాకీ 5 లక్షలకు దిగేటప్పటికి 14 ఏళ్ళు పడుతుంది. మొత్తం 20 ఏళ్ళలో కట్టేది 21 లక్షల 59 వేలు. అందులో వడ్డీ 11 లక్షల 59 వేలు.

ఇందులో మోసమేమీ లేదు. మొదట్లో బాకీ పెద్దది, కాబట్టి వడ్డీ పెద్దది. అంతే. కాని ఇది తెలిసినవాడు ఒక పని చేయవచ్చు.

అవే 50 వేలు

ఒక ఏడు పంట బాగా వచ్చి రైతు చేతిలో 50 వేలు మిగిలాయనుకొందాం. వాయిదాకు తోడు ఆ పైకాన్ని నేరుగా అసలుకు జమ చేయించాడు. నెలవారీ వాయిదా మాత్రం మునుపటిలాగే కడుతున్నాడు.

మొదటి ఏడాది చివర ఇలా చేస్తే అప్పు సుమారు 27 నెలలు ముందుగా తీరిపోతుంది. కట్టిన 50 వేలు పోగా మిగిలే లాభం దాదాపు 1 లక్ష 98 వేలు.

అవే 50 వేలు పదిహేనవ ఏడాది చివర కడితే? అప్పు ఎనిమిది నెలలు ముందు తీరుతుంది. లాభం సుమారు 26 వేలు.

పైకం ఒకటే. కాలం వేరు. ముందు కట్టిన రూపాయి మీద రావలసిన వడ్డీ మిగిలిన ఏళ్ళన్నిటికీ ఆగిపోతుంది. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకొన్న ఇంటి అప్పును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయరాదని మన రిజర్వు బ్యాంకు 2012లో ఆదేశించింది. కాబట్టి వెనకాడనక్కరలేదు.

వడ్డీ మారితే?

ఇంటి అప్పుల్లో వడ్డీ చాలావరకు మారుతూ వుంటుంది. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటును రెపో రేటు అంటారు. 2022 మే మొదట్లో అది 4 శాతం. 2023 ఫిబ్రవరికి ఆరున్నర అయింది. దానితోపాటు ఇంటి అప్పుల వడ్డీలు కూడా పెరిగాయి.

మన లెక్కలో, అప్పు తీసుకొన్న కొద్ది రోజులకే 9 శాతం 11 అయిందనుకోండి. నెల వడ్డీ సుమారు 9,167 రూపాయలవుతుంది. వాయిదా 8,997. వాయిదా పెంచకపోతే వడ్డీకే చాలదు. వెయ్యి రూపాయల అప్పుకు 9 రూపాయలు కట్టినట్లే. నెలనెలా కడుతున్నా బాకీ పెరుగుతుంది! అందుకే వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవాలో, గడువు పొడిగించుకోవాలో ఎంచుకొనే వీలు అప్పు తీసుకొన్నవారికి ఇవ్వాలనీ, గడువు పొడిగించినా బాకీ పెరిగే స్థితి రానివ్వరాదనీ రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో బ్యాంకులను ఆదేశించింది.

సముద్రాల అవతల

ఈ లెక్క అన్ని దేశాల్లోనూ ఒకటే. ఆస్ట్రేలియాలో 2021 జనాభా లెక్కల నాటికి ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 50 వేలకు పైగా వున్నారు. మన రైతు అన్నగారి కొడుకు కూడా మెల్‌బోర్న్‌లో వుంటున్నాడనీ, 30 ఏళ్ళ గడువుతో అప్పు తీసుకొని ఇల్లు కొన్నాడనీ అనుకొందాం. అక్కడి రిజర్వు బ్యాంకు 2022 మే నుంచి 2023 నవంబరు దాకా 13 మార్లు వడ్డీ పెంచింది. దాని రేటు 0.10 శాతం నుంచి 4.35 శాతానికి ఎక్కింది. జీతం వస్తున్నవారు కూడా వాయిదాలకు ఉక్కిరిబిక్కిరయ్యారు.

అక్కడినుంచి మనం నేర్చుకోదగినవి మూడు వున్నాయి.

మొదటిది ముందు పరీక్ష. అప్పిచ్చేటప్పుడు, వడ్డీ ఇప్పటికంటె 3 శాతం ఎక్కువైనా కట్టగలడా అని చూసి మరీ ఇవ్వాలని అక్కడి బ్యాంకుల నియంత్రణ సంస్థ 2021 అక్టోబరులో నియమం పెట్టింది. ఆ పరీక్ష మన రైతుకు పెడితే 9కి బదులు 12 శాతం. వాయిదా 11,011 రూపాయలు. అంత కట్టలేనివారు 10 లక్షల అప్పుకు దిగరాదు. రెండు గదులు తగ్గించి కట్టుకోవడం మేలు.

రెండవది పక్షానికొక వాయిదా. నెల వాయిదాలో సగాన్ని రెండు వారాలకొకమారు కడతారు. ఏడాదికి 52 వారాలు. అంటే 26 సగాలు, 13 పూర్తి వాయిదాలు. తెలియకుండానే ఏటా ఒక వాయిదా ఎక్కువ జమ అవుతుంది.

మూడవది ఆఫ్‌సెట్ ఖాతా. ఇది అప్పుకు జోడించిన పొదుపు ఖాతా. బాకీ 10 లక్షలు, ఈ ఖాతాలో 1 లక్ష వుంటే, వడ్డీ 9 లక్షల మీదనే వేస్తారు. పైకం అవసరమైనప్పుడు తీసుకోవచ్చు. మన దేశంలోనూ కొన్ని బ్యాంకులు ఇటువంటి ఇంటి అప్పు ఇస్తున్నాయి.

నాన్న ప్రశ్నకు జవాబు

పైకం లేని నెలలో వాయిదా ఎక్కడనుంచి తేవాలి? పైకం వున్న నెలలోనే తేవాలి. వేలం డబ్బు చేతికి రాగానే 12 వాయిదాల సొమ్ము, అంటే 1 లక్ష 8 వేలు, ముందుగా పక్కన వేయాలి. అది అప్పుకు జోడించిన ఖాతాలో వుంటే ఆ నెలల్లో వడ్డీ కూడా తగ్గుతుంది. పంట పోయే ఏడాది కోసం ఇంకొంత దాచుకొని, ఆపైన మిగిలినదే అసలుకు జమ చేయాలి. ఉన్నదంతా ఊడ్చి బ్యాంకులో కట్టి, ఎరువులకు మళ్ళీ నోటు రాస్తే 9 శాతం అప్పు తీర్చడానికి 24 శాతం అప్పు చేసినట్లవుతుంది.

కూతురు లెక్క చూపించాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పది వద్దమ్మా, ఎనిమిది లక్షలకు లెక్క వెయ్యి" అన్నాడు.

మీరూ వేసి చూడండి

1. ఒక దుకాణదారు 1,20,000 రూపాయల బండిని "పది శాతం ఫ్లాటు వడ్డీ"కి ఇస్తానన్నాడు. వడ్డీ 12,000 కలిపి నెలకు 11,000 చొప్పున 12 నెలలు కట్టాలి. నెలనెలా అసలు 10,000 తగ్గుతున్నది గదా! ఏడాది పొడుగునా సగటున ఎంత బాకీ వున్నట్లు? 12,000 వడ్డీ ఆ సగటు మీద ఎంత శాతం? (జవాబు: సగటు 65,000. వడ్డీ 10 శాతం కాదు, 18 శాతానికి పైనే.)

2. పైన చెప్పిన 1,000 రూపాయల అప్పు లెక్కను నోటుపుస్తకంలో చివరిదాకా వేయండి. నెలకు 100 చొప్పున కడితే ఎన్నో నెలలో తీరుతుంది? (జవాబు: 11వ నెలలో. ఆ చివరి వాయిదా నూరు కంటె తక్కువే.)

3. మీ ఇంట్లో ఏదైనా అప్పు వుంటే పెద్దల అనుమతితో కాగితాలు చూడండి. క్రిందటి నెల వాయిదాలో వడ్డీ ఎంత, అసలు ఎంత? వడ్డీ రేటు నెలకా, ఏడాదికా? ఈ ప్రశ్నలకు జవాబు కనుక్కొని ఇంట్లోవారికి చెప్పండి.