యిత్రో చేసిన పని



నిర్గమకాండము 18వ అధ్యాయం తెరిచి చూడండి. ఎడారిలో మోషే న్యాయపీఠం మీద కూర్చున్నాడు. తగవులు తీర్చుకోవడానికి వచ్చిన జనం ఉదయం నుండి సాయంకాలం వరకు ఆయన చుట్టూ నిలబడే ఉన్నారు. మోషే సోమరి కాడు, స్వార్థపరుడూ కాడు. దేవుడు ఎన్నుకొన్న నాయకుడు. అయినా ఆయన మామ యిత్రో ఆ దృశ్యం చూసి, నీవు చేస్తున్న పని మంచిది కాదని ముఖం మీదే చెప్పాడు. ఇట్లయితే నీవూ నలిగిపోతావు, నీతోపాటు ఈ ప్రజలూ నలిగిపోతారని హెచ్చరించాడు.

మంచివాడు, కష్టపడేవాడు, ప్రార్థనాపరుడు అయిన నాయకుడి వల్ల కూడా ప్రజలు నలిగిపోవచ్చు. ఇది చాలా పెద్ద మాట. మన ఇళ్లలో, దుకాణాల్లో, పాఠశాలల్లో, ఆసుపత్రుల్లో, విచారణల్లో ఈ మాట ఎంత నిజమో మీకు తెలియనిది కాదు. అన్నీ ఒకరి చేతిలోనే ఉంటాయి. ఆయన సంతకం కోసం అందరూ ఎదురుచూస్తుంటారు. సమావేశాలు జరుగుతాయి, తీర్మానాలు పుస్తకంలో ఎక్కుతాయి, పనులు మాత్రం కదలవు.

నేటి వ్యాపార ప్రపంచంలో ఈ జబ్బుకు మందు వేసే వారిని ‘బిజినెస్ కోచ్’ అంటున్నారు. ఒక సంస్థ నాయకబృందంతో కూర్చుని, క్రమబద్ధమైన నిర్వహణ పద్ధతిని వారికి అలవాటు చేయించడం వీరి వృత్తి. ఇది డబ్బున్నవారి వ్యవహారం, మనకెందుకని పేజీ తిప్పకండి. ఇందులో మనం నేర్చుకోవలసింది ఉంది, జాగ్రత్తపడవలసిందీ ఉంది.

కోచ్ అంటే ఎవరు?

కబడ్డీ ఆటలో కోచ్ గీత బయట నిలబడతాడు. కూతకు వెళ్లేది ఆటగాడే. లోపలివారికి కనబడనిది బయటివాడికి కనబడుతుంది. వ్యాపారంలోని కోచ్ కూడా అటువంటివాడే. అమెరికాలో బిల్ కాంబెల్ అనే ఆయన మొదట కొలంబియా విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు. ఆ తరువాత వ్యాపార రంగంలోకి వచ్చి, యాపిల్, గూగుల్ వంటి సంస్థల నాయకులకు సలహాదారుడయ్యాడు. 2016లో మరణించాడు. 2001లో గూగుల్ సారథ్యం చేపట్టిన ఎరిక్ ష్మిట్‌కు ఒక కోచ్‌ను పెట్టుకొమ్మని సలహా ఇస్తే, ఇంత అనుభవం ఉన్న నాకు కోచ్ దేనికని మొదట అనుకున్నాడట. తనకు దొరికిన సలహాల్లో అదే గొప్పదని తరువాత ఆయనే చెప్పుకున్నాడు.

పద్ధతి అంటే ఏమిటి?

ఇటువంటి పద్ధతులు చాలా ఉన్నాయి. వాటిలో చిన్న, మధ్యతరహా సంస్థల్లో బాగా వ్యాపించిన ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దాని పేరు ‘ఎంట్రప్రెన్యూరియల్ ఆపరేటింగ్ సిస్టం’, క్లుప్తంగా ఇ.ఓ.ఎస్. దీన్ని రూపొందించిన జీనో విక్‌మన్ అమెరికాలోని మిచిగన్ రాష్ట్రానికి చెందినవాడు. చిన్న వయసులోనే అప్పుల్లో ఉన్న కుటుంబ వ్యాపారాన్ని నెత్తిన వేసుకుని నిలబెట్టాడు. తాను నేర్చుకొన్నదాన్ని ‘ట్రాక్షన్’ అనే పుస్తకంగా 2007లో వెలువరించాడు.

ఈ పద్ధతి ఒక సంస్థను ఆరు భాగాలుగా చూస్తుంది. 1. గమ్యం: మనం ఎక్కడికి వెళుతున్నామో అందరికీ ఒకేలా తెలియడం. 2. మనుషులు: తగినవారు తగిన చోట ఉండడం. 3. అంకెలు: ఊహల మీద కాక లెక్కల మీద నడవడం. 4. సమస్యలు: దాచకుండా బయటపెట్టి తీర్చుకోవడం. 5. పని విధానం: ముఖ్యమైన పనులు ఎలా చేయాలో రాసిపెట్టుకొని అందరూ అలాగే చేయడం. 6. పట్టు: అనుకున్నదాన్ని అమలు జరిపే క్రమశిక్షణ.

చూడండి, ఇందులో మనకు తెలియనిది ఒక్కటీ లేదు. తెలిసినదాన్ని చేయకపోవడమే మన జబ్బు. కోచ్ అవసరం అక్కడే వస్తుంది.

కోచ్ ఏమి చేస్తాడు?

యిత్రో వచ్చీ రాగానే ఉపదేశం మొదలుపెట్టలేదు. మొదటి రోజు అల్లుడు చెప్పిందంతా విన్నాడు, దేవుణ్ణి స్తుతించాడు, పెద్దలతో కలిసి భోజనం చేశాడు. రెండవ రోజు చూశాడు. ఆ తరువాతే ఒక ప్రశ్న అడిగాడు: నీవొక్కడివే ఎందుకు కూర్చున్నావు?

ఇ.ఓ.ఎస్. కోచ్ పని కూడా ఒక సమావేశంతో, వినడంతోనే మొదలవుతుంది. తొంభై నిమిషాలు కూర్చుని, తన పద్ధతి చెప్పి, వారి కష్టం వింటాడు. ఇద్దరికీ కుదిరితే, నాయకబృందం మొత్తాన్ని ఆఫీసు పనుల నుండి విడదీసి ఒక రోజంతా కూర్చోబెడతాడు. ఆ రోజున ముఖ్యంగా జరిగేది బాధ్యతల పటం గీయడం. ముందు సంస్థకు ఏ ఏ బాధ్యతలు అవసరమో రాస్తారు. ఆ తరువాతే పేర్లు రాస్తారు. ఒక బాధ్యతకు ఒక్కరి పేరే ఉండాలి. ఇద్దరి పేర్లు ఉన్నచోట బాధ్యత ఎవరిదీ కాదని వీరి అనుభవం. ఒకరి పేరే నాలుగైదు గళ్లలో కనబడితే అక్కడే మోషే కూర్చుని ఉన్నాడన్నమాట!

సుమారు నెల రోజుల ఎడంతో మరి రెండు రోజులు గమ్యాన్ని గురించి చర్చిస్తారు. మనం వదులుకోలేని విలువలు ఏవి? మనం ఉన్నది దేనికోసం? పదేళ్లకు, మూడేళ్లకు, ఒక ఏడాదికి ఎక్కడుండాలి? ఈ జవాబులన్నీ రెండు పేజీల్లో ఇమడాలి. ఆ తరువాత ప్రతి మూడు నెలలకు ఒక రోజు, ఏడాదికోసారి రెండు రోజులు కోచ్‌తో కూర్చుంటారు. వచ్చే తొంభై రోజుల్లో తప్పక చేయవలసిన ముఖ్యమైన పనులు మూడు మొదలు ఏడు వరకు ఎంచుకుంటారు. వీటికి ‘రాళ్లు’ అని పేరు. కుండలో ముందుగా ఇసుక పోస్తే పెద్ద రాళ్లకు చోటుండదు. ముందు రాళ్లు పెడితే ఇసుక సందుల్లో సర్దుకుంటుంది.

వారం వారం తొంభై నిమిషాలు

కోచ్ లేని రోజుల్లో ఈ పద్ధతిని నిలబెట్టేది వారపు సమావేశం. అదే రోజు, అదే సమయం. మొదట ఐదు నిమిషాలు తమకు జరిగిన మంచిని చెప్పుకుంటారు. ఆపైన అంకెలకు ఐదు, తొంభై రోజుల పనులకు ఐదు, కొనుగోలుదారుల, ఉద్యోగుల కబుర్లకు ఐదు, గత వారం ఒప్పుకున్న పనులకు ఐదు నిమిషాలు. మిగిలిన దానిలో అరవై నిమిషాలు సమస్యలకే. చివరి ఐదు నిమిషాలు ముగింపుకు.

ఈ అరవై నిమిషాల్లో ఏమి జరుగుతుందో చెప్పడానికి ఒక ముద్రణాలయాన్ని ఊహించుకుందాం. నలభైమంది పనిచేస్తారు. పనులు చెప్పిన తేదీకి అందడం లేదు. యంత్రం పాతబడిందని ఒకరు, కుర్రవాళ్లకు శ్రద్ధ లేదని మరొకరు అంటారు. కోచ్ తన అభిప్రాయం చెప్పడు. ఇంకా లోతుకు వెళ్లండి, అసలు కారణం ఏమిటని మళ్లీ అడుగుతాడు. గదిలో అందరూ తల దించుకుంటారు. చివరకు యంత్రాల దగ్గర పనిచేయించే పెద్దాయన గొంతు సవరించుకుని, “అయ్యా, మీకు తెలిసినవాళ్లు ఫోన్ చేస్తే, వరసలో ఉన్న పని ఆపించి వాళ్ల పని ముందు పెట్టమంటారు గదా. ఆలస్యం అక్కడే మొదలవుతోంది” అంటాడు.

ఈ మాట ఆ గదిలో అందరికీ ఏళ్ల తరబడి తెలుసు. చెప్పే ధైర్యం లేదు. యజమాని ముఖం ఎర్రబడుతుంది. ఆ క్షణంలోనే సంస్థ భవిష్యత్తు తేలుతుంది. ఆయన కోపగించుకుంటే పద్ధతి అంతటితో సరి. “నిజమే, తప్పు నాదే” అంటే, ఇక మీదట ఫోను పనులు ఎవరు తీసుకోవాలో అక్కడే నిర్ణయించి, ఒకరి పేరు రాసి, వారంలోగా చేసి చూపుతారు. పాత యంత్రాన్ని మార్చవలసిన అవసరమే రాకపోవచ్చు.

ప్రియ పాఠకులారా, ఇది మనకు కొత్తగా ఉన్నదా? పాపసంకీర్తనానికి ముందు మనం చేసే ఆత్మశోధన ఇదే గదా! దాచిన తప్పును వెలుగులోకి తెచ్చి, పేరు పెట్టి ఒప్పుకుని, ఇక చేయనని గట్టి ప్రతిజ్ఞ చేయడం. పటాలు, పట్టికలు పైకి కనబడే సామాను. లోపల జరగవలసింది సత్యం పలకడం, ఇచ్చిన మాట నిలుపుకోవడం. ఈ రెండూ లేనిచోట ఎంత ఖరీదైన కోచ్ వచ్చినా పట్టికలు గోడకు వేలాడుతూనే ఉంటాయి.

జాగ్రత్త పడవలసినది

ఈ పద్ధతిలో ప్రమాదం కూడా ఉంది. ప్రతి మనిషి గురించి మూడు ప్రశ్నలు అడగాలని ఇ.ఓ.ఎస్. చెబుతుంది: ఈ పని అతనికి అర్థమైందా? ఇష్టమేనా? చేయగల శక్తి ఉందా? ప్రశ్నలు మంచివే. కానీ కఠిన హృదయుల చేతిలో ఇవి మనుషులను ఏరి పారవేసే జల్లెడ కాగలవు. ఇరవై ఏళ్లు సేవచేసి, కళ్లు మసకబారిన పనివాణ్ణి మూడవ ప్రశ్నతో ఇంటికి పంపేయవచ్చు. అంకెల మీదనే చూపు నిలిపితే, అంకెలు బాగుండాలని అబద్ధాలు రాసే అలవాటు కూడా మొదలవుతుంది.

అందుకే శ్రీసభ బోధన మనకు గట్టు వంటిది. పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1981లో వెలువరించిన ‘లాబోరెమ్ ఎక్సెర్చెన్స్’ లేఖలో, పని మనిషి కోసమే గాని మనిషి పని కోసం కాదని బోధించారు. 1991లో ‘చెంతేసిముస్ ఆన్నుస్’ లేఖలో, లాభం సంస్థ ఆరోగ్యానికి ఒక గుర్తే గాని అదొక్కటే కొలబద్ద కాదనీ, లెక్కలు సరిగ్గా ఉన్నచోట కూడా మనుషుల గౌరవం మంటగలిసిపోవచ్చనీ హెచ్చరించారు. కాబట్టి శక్తి చాలనివానికి తగిన మరో చోటు వెదకడం, నేర్చుకోవడానికి గడువు ఇవ్వడం, తప్పనిసరై పంపవలసివస్తే న్యాయంగా ఇవ్వవలసింది ఇచ్చి పంపడం క్రైస్తవ యజమాని ధర్మం.

యిత్రో కూడా వట్టి సమర్థులను మాత్రమే ఏరుకొమ్మనలేదు. సమర్థులతోపాటు దైవభీతి కలవారు, సత్యవంతులు, లంచాన్ని అసహ్యించుకొనేవారు కావాలన్నాడు. అటువంటివారిని వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి పెద్దలుగా పెట్టించాడు. పెద్ద తగవులు మాత్రమే మోషే వద్దకు రావాలి. క్రింది వారు చేయగల పనిని పైవారు లాగుకోరాదని 1931లో పదకొండవ పయస్ జగద్గురువులు ‘క్వాద్రాజేసిమో ఆన్నో’ లేఖలో బోధించిన సూత్రానికి ఈ కథ ఎంత దగ్గరగా ఉందో చూడండి.

మన ఇంటి సంగతి

ఆదిమ క్రైస్తవ సంఘంలో విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగుడు పుట్టినప్పుడు, అపోస్తలులు దాన్ని అణచివేయలేదు. అందరినీ పిలిచి, ఏడుగురిని ఎన్నుకోనిచ్చి, ఆ పని వారికి అప్పగించారు (అ.కా. 6:1-6). దాచిపెట్టకుండా చర్చించిన సమస్య సంఘాన్ని పెంచింది.

1983 నాటి శ్రీసభ చట్టంలో 537వ అధికరణం ప్రకారం ప్రతి విచారణలో ఆర్థిక మండలి ఉండి తీరాలి. 2024 అక్టోబరులో ముగిసిన సినడ్ తుది పత్రం కూడా పారదర్శకతను, జవాబుదారీతనాన్ని, చేసిన పనిని బేరీజు వేసుకోవడాన్ని గట్టిగా కోరింది. మరి మన మండలి ఎన్నిసార్లు కూడింది? కూడినప్పుడు గత సమావేశంలో ఒప్పుకున్న పనుల జాబితా చదివారా? ఏ పనికి ఎవరి పేరు ఉంది? ఖరీదైన కోచ్ మనకు అక్కర్లేదు. పక్క విచారణలోని అనుభవజ్ఞుడైన గురువు, పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయురాలు, లెక్కలు తెలిసిన ఒక విశ్వాసి, ఎవరైనా సరే. గీత బయట నిలబడి సూటిగా ప్రశ్న అడగగలిగితే చాలు. అడిగినప్పుడు వినే వినయం మనకుంటే చాలు.

చివరిగా ఒక్క మాట. ఆ అధ్యాయం ఎలా ముగుస్తుందో గమనించారా? మోషే మామ మాట విన్నాడు, చెప్పినట్లే చేశాడు. ఆ తరువాత యిత్రో తన దేశానికి వెళ్లిపోయాడు. అక్కడే ఉండి పెత్తనం చేయలేదు. ఇ.ఓ.ఎస్. కోచ్‌లు కూడా సాధారణంగా రెండేళ్లలో నాయకబృందం తన కాళ్లమీద నిలబడేలా చేసి తప్పుకోవాలనుకుంటారు. సలహాదారుడు వెళ్లిపోయాక పని ఆగిపోతే, అతడు నేర్పించింది పద్ధతి కాదు, తన మీద ఆధారపడడమే. తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, గురువులకు కూడా ఇదే పరీక్ష: మనం పక్కకు తప్పుకున్న నాడు మన చేతి కింద పెరిగినవారు నిలబడగలరా?

ఆలోచించండి

1. నేను తప్ప వేరెవరూ చేయలేరని నేను పట్టుకు కూర్చున్న పని ఏది? దాన్ని ఎవరికి నేర్పగలను?

2. మా ఇంట్లో లేక మా సంఘంలో అందరికీ తెలిసి, ఎవరూ పైకి చెప్పని నిజం ఏది?

3. నన్ను సూటిగా ప్రశ్నించగల యిత్రో నాకు ఎవరైనా ఉన్నారా? వారి మాట చివరిసారి ఎప్పుడు విన్నాను?