బాణీకి మాట దొరకనప్పుడు

గత సంవత్సరం మా విద్యార్థి ఒకడు గిటారుపై పదే పదే తిరిగివచ్చే చిన్న స్వరఖండాన్ని వినిపించాడు. దానినే 'రిఫ్' అంటారు. "నెల రోజులైనా ఒక్క పంక్తి రాలేదు సార్, వదిలేస్తాను" అన్నాడు. మాకు గిటారు రాదు. ఛందస్సు మాత్రం కొంత తెలుసు. ఆ పరిచయంతోనే ఇట్లా చెప్పాము.

తొలి పంక్తిలోనే లయను, అర్థాన్ని, అందాన్ని కోరినప్పుడు కలం ఆగిపోతుంది. 1965లో వెలువడిన బీటిల్స్ వారి 'యెస్టర్‌డే'కు పాల్ మెకార్ట్నీకి మొదట దొరికింది బాణీ మాత్రమే. మాటలు కుదరక, కోడిగ్రుడ్ల వంటకం పేరును అక్కడ నిలిపి పాడుకున్నాడు. అసలు మాటలు ఆ యేడు పోర్చుగల్ ప్రయాణంలో కుదిరాయి. అంతవరకు మాత్రల కొలతను కాపాడినవి ఆ ఉత్తుత్తి మాటలే. తరహీ ముషాయిరాలో ముందుగా ఇచ్చిన మిస్రా కవులకు బహర్‌ను చూపడం మనమెరిగినదే.

కనుక ముందు చేతితో తాళం వేస్తూ రిఫ్‌లోని మాత్రలను లెక్కించాలి. వాటిని 'తననా'లతో నింపాలి. పిమ్మట రిఫ్ విశ్రమించే చోట మాటను ఉంచాలి. రెండూ ఒకేసారి పలికితే మాట వినిపించదు. పల్లవి చివరి పదాన్ని ముందే నిర్ణయించుకుంటే అంత్యప్రాస తక్కిన పంక్తులకు దారి చూపుతుంది.

ఆ విద్యార్థికి ఇప్పుడు పల్లవి కుదిరింది; చరణాలు మిగిలి ఉన్నాయి. విద్యార్థులారా, పేలవమైన పంక్తినైనా వ్రాయండి. వ్రాసినదానిని దిద్దుకోవచ్చు.